నూనె తాగిన పెరట్లో గోంగూర

రైల్వే షెడ్ నుంచి వచ్చాక నాన్న విప్పి తలుపు వెనక తగిలించే చొక్కా వాసన నాకు ఇష్టం. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. గ్రీజు, కాలిన ఆయిల్, కొంచెం చెమట, కొంచెం ఇనుము కలిసిన వాసన అది. అమ్మకు ఆ చొక్కాలంటే చిరాకు. మిగతా బట్టలతో కలపకుండా వేరే బకెట్లో వేడినీళ్లు పోసి, సోడా వేసి నానబెట్టేది. చిన్నప్పుడు ఇంటికి చుట్టాలు వస్తే నేను ఆ తలుపు వెనక్కి దూరి, చొక్కాలో ముఖం పెట్టుకుని నిలబడేదాన్ని. ముందుగదిలో వాళ్లు "పిల్ల ఏదమ్మా, కనబడదేం?" అని అడగడం, అమ్మ ఏదో సర్దిచెప్పడం అన్నీ అక్కడికి వినిపించేవి. ఇప్పుడు నేను నూనె పట్టిన నేలను మొక్కలతో ఎలా బాగుచేయవచ్చో నేర్చుకునే పనిలో ఉన్నాను. నూనె నేలను ఏం చేస్తుందో కళ్లారా చూశాను. అయినా ఆ వాసన మీద ఇష్టం పోలేదు. నాన్న చొక్కాకు ఉండొచ్చు, నేలకు ఉండకూడదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మాది బిలాస్‌పూర్‌లో పాత రైల్వే కుటుంబం. బొగ్గు ఇంజన్ల రోజుల్లో తాతయ్య విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి షెడ్‌లో పనికి కుదిరాడు. నానమ్మ పెళ్లయి నేరుగా ఇక్కడికే కాపురానికి వచ్చింది. నాన్న ఇక్కడే పుట్టి, ఫిట్టర్ అయ్యాడు. నేను హిందీ బడిలో చదివాను. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది. నా వయసు తెలుగువాళ్లలో తెలుగు చదివేవాళ్లు ఈ ఊళ్లో తక్కువ. అందుకే డైరీ తెలుగులో రాస్తాను. బల్ల మీద వదిలేసినా భయం లేదు. పుస్తకాలు మాత్రం కొంచెం చాటుగా చదువుతాను. చదువుతూ కనబడితే "ఏముంది అందులో, చెప్పు" అంటారు. చెప్పడం నా వల్ల కాదు.

మా పాత క్వార్టర్‌లో గదులు చిన్నవి, పెరడు పెద్దది. ఆ పెరడంతా నానమ్మదే. గోడ మీద ఆనపపాదు, తాడు మీద బీరపాదు, మిగిలిన చోటంతా గోంగూర. గోంగూరతోనే నానమ్మకు ఆ క్వార్టర్ల వరసలో పేరు వచ్చింది. మధ్యాహ్నం పనులయ్యాక ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వెనక తలుపు దగ్గరికి వచ్చేవారు. తెలుగువాళ్లే కాదు, ఛత్తీస్‌గఢ్ వాళ్లు కూడా. వాళ్లు గోంగూరను అమారీ భాజీ అంటారు. నానమ్మ ఆకు కోస్తూ కోస్తూ వాళ్ల ఇంటి సంగతులన్నీ లాగేది. ఎవరి కోడలు అలిగింది, ఎవరి అబ్బాయికి ఏ ఉద్యోగం వచ్చింది, అన్నీ ఆకుతోపాటు తెంపుకుని లోపలికి వచ్చేది.

నాన్నకు ప్రమోషన్ వచ్చి పెద్ద క్వార్టర్ ఇచ్చారు. నానమ్మ చీర కొంగున గోంగూర విత్తనాలు ముడివేసుకుని కొత్త ఇంట్లో అడుగుపెట్టింది. సామాను దించుతుండగానే పెరటి తలుపు తీసింది. నేల నల్లగా ఉంది. నల్లరేగడి నలుపు కాదు, మెరిసే నలుపు. మాకు ముందు ఆ ఇంట్లో ఉన్నాయన సెలవు రోజుల్లో బళ్లు బాగుచేసేవాడట. ఇంజన్లలోంచి తీసిన పాత ఆయిల్ అంతా ఏళ్ల తరబడి పెరటి నడిమధ్య పారబోశాడు. నానమ్మ చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు ఇంకలేదు. తామరాకు మీద జారినట్టు గుండ్రంగా జారి గోడ వైపు పోయాయి.

"ఏటే గుంటా ఇది! ఈ నేల నీళ్లు తాగనంటన్నాది!" అంది నానమ్మ.

అయినా విత్తనం వేసింది. నాలుగు మొలకలు వచ్చాయి, పసుపు రంగు తిరిగి వాలిపోయాయి. మళ్లీ వేసింది. మళ్లీ అంతే. ఆ తర్వాత పెరటి తలుపు తీయడమే మానేసింది. కొత్త వరసలో ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. ఎవరూ గిన్నె పట్టుకుని రారు. పొద్దున్నుంచి ముందుగదిలో మంచం మీద కూర్చుని, కాళ్లు కూడా కింద పెట్టకుండా, "మీ ఇల్లు బాగున్నాదిరా" అనేది నాన్నతో. మన ఇల్లు అనేది కాదు. ఆ మాట నాన్న పట్టించుకోలేదు గానీ నాకు గుచ్చుకునేది. పెరడు పచ్చబడితే తప్ప నానమ్మ ఈ ఇంట్లో చుట్టంలాగే ఉండిపోతుందని నాకు అనిపించింది. నాకు అటువంటివి తెలుస్తాయి. ఎక్కువ మాట్లాడనివాళ్లకు చూడడానికి చాలా తీరిక ఉంటుంది.

అప్పటికి నేను ఊరి అవతల కోనిలో ఉన్న విశ్వవిద్యాలయంలో బోటనీ చదువుతున్నాను. ఒకరోజు మా మేడమ్ పాఠంలో, నూనె ఒలికిన నేలల్లో కొన్ని మొక్కలు తట్టుకుని పెరుగుతాయని, వాటి సాయంతో నేల మెల్లగా బాగుపడుతుందని చెప్పారు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. క్లాసు అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, సంచి సర్దుకుంటున్నట్టు నటించి, చివరికి ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లి మా పెరటి సంగతి చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

"నీకు గొంతు ఉందన్నమాట!" అని నవ్వారు హిందీలో. "రేపు మట్టి తీసుకురా, చూద్దాం."

మట్టిని నా టిఫిన్ డబ్బాలోనే పట్టుకెళ్లాను. షేర్ ఆటోలో డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కొంత దూరం పోగానే ఆటో నడిపే ఆయన బండి పక్కకు ఆపి, దిగి, ఇంజన్ కింద తొంగిచూశాడు. "ఆయిల్ కారుతోంది ఎక్కడో, వాసన వస్తోంది" అన్నాడు. అందరూ దిగి చూశారు. నేనూ దిగి చూశాను. ఏమీ కారడం లేదని తేల్చుకుని మళ్లీ బయలుదేరాం. కోని వచ్చేదాకా ఆయన ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాడు.

మేడమ్ వట్టివేరు పిలకలు ఇచ్చారు, విశ్వవిద్యాలయం తోటలోంచి తీయించి. వానాకాలం మొదట్లో నాన్నా నేనూ పెరడు తవ్వి వాటిని వరసగా నాటాం. నాటేటప్పుడు నానమ్మ తలుపు దాకా వచ్చి నిలబడింది.

"వట్టివేరా? ఇది కూలర్‌కి ఎడతారు కదే. మంచి వాసనొస్తాది."

"ఈ వేళ్లు కూలర్‌కి పనికిరావు నానమ్మా. ఇవి నేల బాగుచేయడానికి."

"అయితే ఈ గడ్డి నూనె తాగేస్తాదేటి?"

"గడ్డి తాగదు. దీని వేళ్ల చుట్టూ కంటికి కనబడని జీవులు చేరతాయి. అవి నూనెను తినేస్తాయి. వేరు ఎంత లోపలికి వెళ్తే అంత లోపల వాటికి గాలి, చోటు దొరుకుతాయి."

నానమ్మ ఒక పిలకను వేళ్లతో తిప్పి చూసింది. "అంటే గడ్డి ఇల్లిచ్చీది, పనిచేసీది ఆళ్లన్నమాట. మీ నాన్న షెడ్‌లో లాగే" అంది.

నాన్న గునపం పట్టుకుని పెద్దగా నవ్వాడు. నానమ్మ నవ్వలేదు. లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు గడ్డి అక్కర్లేదు.

మొదట్లో పిలకలు తేరుకున్నట్టే కనబడి, తర్వాత పాలిపోయాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు. నాన్న మీద అనుమానం వచ్చేదాకా. షెడ్‌లో నేల మీద ఆయిల్ పడితే రంపపు పొట్టు చల్లుతారు. పొట్టు నూనెను పీల్చుకుంటుంది, ఊడ్చి పారేస్తారు. నాన్న జీవితమంతా చేసిన పని అది. నాకు సాయం చేద్దామని సామిల్లు నుంచి బస్తాలకు బస్తాలు పొట్టు తెచ్చి, నేను కోని వెళ్లాక పెరడంతా చల్లి, మట్టిలో కలిపేశాడు. మేడమ్‌కి చెబితే ఆవిడ తల పట్టుకున్నారు. పచ్చి పొట్టు కుళ్లేటప్పుడు మొక్కకు అందాల్సిన సత్తువంతా అదే లాగేసుకుంటుందట. బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుందన్నారు. నాన్నకు ఈ సంగతి ఎలా చెప్పాలా అని నేను మథనపడుతుంటే ఆయనే అడిగాడు.

"ఏమ్మా, పొట్టు పన్చెయ్యలేదేటి?"

"షెడ్‌లో అయితే ఊడ్చేస్తారు కదా నాన్నా. ఇక్కడ ఊడ్చడం ఉండదు."

"అచ్ఛా..." అని గడ్డం గోక్కున్నాడు. "అదేటో ముందే సెప్పొచ్చు కదా, నీ గడ్డిని నానే సంపీబోయినాను."

ఆ ఆదివారం మోప్కాలో ఒక పాలవాళ్ల దగ్గర ఎరువు అడిగి, స్కూటర్ మీద రెండు కాళ్ల మధ్య బస్తా పెట్టుకుని తెచ్చాడు. వరసలోవాళ్లంతా చూశారు. గడ్డి తేరుకుంది. చలికాలానికి నా నడుము దాకా, ఎండాకాలానికి నా భుజం దాకా వచ్చింది. ఒత్తుగా, ముదురు పచ్చగా. కోసిన గడ్డిని ఆవులకు వేయకూడదని మేడమ్ గట్టిగా చెప్పారు కాబట్టి ఒక మూల కుప్ప వేసి, కర్రలు పాతి అడ్డం కట్టాం. ఆ కర్రల అవతల నిలబడి ఈ కాలనీ ఆవులు నా వైపు చూసే చూపు మాత్రం నేను భరించలేకపోయేదాన్ని.

రెండో వానాకాలం మొదటి జల్లుకు నానమ్మ పెరటి తలుపు తీసింది. నేను లోపల చదువుకుంటున్నాను. ఆమె కేక వినబడి పరిగెత్తాను, జారిపడిందేమోనని. నానమ్మ గొంతుక్కూర్చుని ఉంది. చూపుడువేలితో నేల చూపించింది. నీళ్లు నిలవడం లేదు, ఇంకుతున్నాయి. గడ్డి దుబ్బు పక్కన ఒక వానపాము, నానమ్మ మాటల్లో ఎర్ర, ఒళ్లు సాగదీస్తోంది.

"ఎర్రొచ్చిందే! ఎర్రొచ్చినాదంటే నేల బతికినట్టే!" నానమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రమే గడ్డి దుబ్బుల మధ్య గోంగూర విత్తనం చల్లేసింది. నేను వద్దనలేకపోయాను. అప్పటికి ఆ పెరడు నా చివరి ఏడాది ప్రాజెక్టు కూడా అయింది. గోంగూర మొలిస్తే ఆకు కూడా పరీక్ష చేయవచ్చని మేడమ్ అన్నారు.

"మొలవనీ నానమ్మా. కానీ ఇంకా తినడానికి కాదు. ఆకు ల్యాబ్‌కి పట్టుకెళ్లి చూడాలి, బాగుందో లేదో" అన్నాను.

"తొలికాపు ఇంట్లోవోళ్లు తింటారేటే? నాకు తెల్దా?" అంది నానమ్మ.

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నేను సంతోషించాను.

గోంగూర మొలిచింది. పసుపు తిరగలేదు. ఎర్రటి కాడలతో, వేళ్లు చాచినట్టు ఆకులతో దుబ్బుల మధ్య లేచి నిలబడింది. నానమ్మ మంచం ముందుగదిలోంచి పెరటి వసారాలోకి మారింది. నాన్న చేతే మార్పించుకుంది.

ఒకరోజు నేను కోని నుంచి వచ్చేసరికి నానమ్మ వీధి మెట్ల మీద కూర్చుని ఉంది. ఉతికిన చీర, నున్నగా దువ్విన తల. ఆమె ఆ మెట్ల మీద కూర్చోవడం అదే మొదటిసారి.

"ఎక్కడికైనా వెళ్లొచ్చావా నానమ్మా?"

"ఎల్లొచ్చినాను. మూడిళ్లకి" అంది. ఆ "మూడిళ్లకి" అనడంలో ఎంత దర్జా ఉందో. "ఎదురింటి అమ్మాయిది మన శ్రీకాకుళమేనే! ఇన్నాళ్లూ ఎదురుగా ఉండి తెల్లేదు సూడు."

పెరట్లోకి పరిగెత్తి చూశాను. గోంగూర చివుళ్లన్నీ శుభ్రంగా కోసి ఉన్నాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి, నా ముఖం చూసి, "మధ్యాహ్నం నేను నిద్రలేచేసరికే పంచేసింది, ఎదురింటికి, దాని పక్క రెండిళ్లకి" అని గొణిగింది.

అప్పుడు అర్థమైంది. మా నానమ్మ పద్ధతిలో కొత్త నేల తొలికాపు ఇంటి పొయ్యి ఎక్కదు. మూడు ఇళ్లకు పంచాలి. పంచితేనే ఆ నేల మనదవుతుంది. పాత క్వార్టర్‌లోనూ అలాగే చేసిందని చెప్పేది. తినడానికి కాదని నేను చెప్పినప్పుడు, ఆమెకు తెలిసిన నియమాన్నే ఈ పిల్ల కూడా పాటిస్తోందని మురిసిపోయింది. ఇన్నాళ్లకు ఈ నేల ఆమెదైంది. ఆ ఆకు వెనక్కి తెస్తే ఆమెదైన నేలను నేను లాక్కున్నట్టే. తేకపోతే మూడు ఇళ్లవాళ్లు, పాత ఇంజన్ ఆయిల్‌లో ఉండే సీసంలాంటివి ఎంత ఎక్కాయో తెలియని ఆకు తింటారు.

నానమ్మకు ఏమీ చెప్పకుండా వీధిలోకి వచ్చేశాను. వెళ్లకుండా ఉండడానికి ఒక్క దారి కూడా కనబడలేదు. ఎదురింటి మెట్లు ఎక్కుతూ మర్యాదగా ఒక వాక్యం తయారుచేసుకున్నాను. తలుపు తెరిచే ఉంది. నానమ్మ చెప్పిన శ్రీకాకుళం అత్త టీవీ ముందు కూర్చుని ఒళ్లో పళ్లెం పెట్టుకుని గోంగూర ఒలుస్తోంది. నన్ను చూసి ఆమె చేతులు ఆగిపోయాయి.

"రావే, రా. మీ నానమ్మ ఇప్పుడే ఎల్లింది. ఎంత మంచి ఆకు!"

తయారుచేసుకున్న వాక్యం ఎటో పోయింది. "అత్తా, ఆ గోంగూర ఇచ్చేయండి" అన్నాను.

"ఓలమ్మ! నీకు మాటలొచ్చేటే? నాను మూగదానివనుకున్నాను." పళ్లెం దగ్గరికి లాక్కుంది. "ఇచ్చింది ఎవులైనా ఎనక్కి అడుగుతారేటి?"

"ఆ నేలలో ఇంజన్ ఆయిల్ ఉంది అత్తా. గడ్డి వేసి బాగుచేస్తున్నాం. ఇంకా అవలేదు. నానమ్మకు తెలియదు. తప్పు ఆమెది కాదు."

అంత పొడుగు మాట నేను బయటివాళ్లతో ఎప్పుడూ అనలేదు. అత్త ఒలిచిన ఆకును ఒకసారి వాసన చూసింది, నన్ను చూసింది, పళ్లెంలోదంతా నా చున్నీలో గుమ్మరించింది. "మీ నాన్న ఎరువు బస్తా తెచ్చింది అందుకేనా? పెళ్లి పందిరికేమో అనుకున్నాం" అంది. పెళ్లి పందిరికి ఎరువెందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండో ఇంటికి తాళం. గోంగూర కట్ట గొళ్లేనికి వేలాడుతోంది. తాళం చూసి ఎవరైనా అంత సంతోషించి ఉండరు. కట్ట విప్పుకుని ముందుకు నడిచాను.

మూడో ఇల్లు కాకీది, అంటే పిన్నిది. ఛత్తీస్‌గఢ్ ఆవిడ, గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది. ఆవిడ అన్నవి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, అమ్మాయీ అనే అర్థంలో ఆవిడ పిలిచే నోనీ తప్ప. వంటింట్లో మూకుడులో శనగపప్పుతో అమారీ భాజీ అప్పటికే ఉడుకుతోంది. ఆ పుల్లటి ఆవిరికి నాకే నోరూరింది.

"కాకీ, పొయ్యి ఆపండి" అని ఉన్నదున్నట్టు చెప్పాను.

"అయ్యో నోనీ, ఉప్పు చూద్దామని ఒక చెంచా తిన్నానే! చచ్చిపోతానా?"

"లేదు కాకీ. ఒక చెంచాకు ఏమీ కాదు. కూరగా తినకూడదు, అంతే."

కాకీ పొయ్యి ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని మూకుడు వైపు దిగులుగా చూసింది. తర్వాత ఆవిడకు నవ్వు మొదలైంది. "మా ఆయన బండికి ఆయిల్ మార్చాలి మార్చాలి అని నెల నుంచి సణుగుతున్నాడు. బండికి మానేసి ఆయనకే మార్చేసేదాన్ని!" నవ్వుతూనే మూకుడు గుడ్డతో పట్టుకుని నాతోపాటు మా ఇంటికి బయలుదేరింది. వద్దంటే వినలేదు. ఖాళీ చేతులతో రావడం బాగుండదన్నట్టు పట్టుకొచ్చింది దాన్ని.

నానమ్మ మెట్ల మీదే ఉంది. నా చున్నీలో ఆకు, కాకీ చేతిలో మూకుడు చూసింది. కాకీ జరిగినదంతా నవ్వుతూ చెప్పేసింది. ఆవిడ మనసులో ఏమీ లేదు. నానమ్మ మాత్రం నా వైపే చూస్తోంది.

"పంచింది ఎనక్కి తెచ్చీసినావా?" అంది.

అంతే. లోపలికి వెళ్లింది. రాత్రి అన్నం వద్దంది. మర్నాడు మంచం మళ్లీ ముందుగదిలోకి వచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఇంట్లో ఎవరికీ ఏమీ తోచలేదు. బిల్హాలో తనకు తెలిసినవాళ్ల పొలం మట్టి బస్తాల్లో లోకల్ ట్రైన్ మీద తెస్తానని, తొట్లలో వేసుకోవచ్చని నాన్న ఆశపెట్టాడు.

"మట్టి కూడా అరువు తెచ్చుకోవాలేటిరా? నాకు తొట్లూ వద్దు, తోటా వద్దు" అంది నానమ్మ.

నేను తెచ్చిన ఆకు, కొంత మట్టి ల్యాబ్‌లో పరీక్ష చేశారు. ఆకులో సీసం ఉంది, తినదగినంత తక్కువేమీ కాదు. "మంచి పని చేశావు" అన్నారు మేడమ్. నాకు మంచిగా అనిపించలేదు. అయితే మట్టి ఫలితాల్లో ఇంకో సంగతి ఉంది. పెరటి నడిమధ్య, ఆయిల్ పారబోసిన చోట, నూనె చాలా తగ్గినా ఇంకా మిగిలే ఉంది. చాకిరేవు బండ పక్కన, గోడ అంచున, మొదటి నుంచీ తక్కువే. ఇప్పుడు అక్కడ దాదాపు లేదు. సీసం కూడా అక్కడికి పాకలేదు. వచ్చే వానాకాలం అంచున ఆకు వేసి చూడవచ్చన్నారు.

ఇది నానమ్మకు మాటల్లో చెప్పలేనని తెలుసు. మేడమ్‌ని అడిగి, ఆమెను కోని తీసుకెళ్లాను. షేర్ ఆటోలో దారంతా బయటికే చూస్తూ కూర్చుంది. ల్యాబ్‌లో మేడమ్ లేచి నిలబడి "రండి అమ్మాజీ" అని కుర్చీ వేశారు. రెండు గాజు సీసాల్లో మట్టి వేసి, నీళ్లు పోసి, గట్టిగా కుదిపి బల్ల మీద పెట్టారు. ఒక సీసాలో మట్టి దిగాక నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలింది. ఇంకో సీసాలో ఏమీ తేలలేదు. మామూలు బురదనీళ్లు.

నానమ్మ కళ్లద్దాలు సర్దుకుని రెండింటినీ చాలాసేపు చూసింది. తెట్టు ఉన్న సీసా మూత తీయించి వాసన చూసి ముఖం తిప్పుకుంది. "ఇదెక్కడిది?"

"మన పెరటి నడిమిది. నువ్వు గోంగూర వేసిన చోటుది."

"మరి, ఇది?"

"అదీ మన పెరడే నానమ్మా. అంచుది."

"ఇదీ మన పెరడేనా!" ఆ సీసాను రెండు చేతులతో పట్టుకుంది. మన పెరడు అందని నేను గమనించాను. తర్వాత తన హిందీలో మేడమ్‌ని అడిగింది, వచ్చే వానలకు ఆ అంచు తనకు ఇచ్చేస్తారా అని, ఎవరో దాన్ని జప్తు చేసుకున్నట్టు.

మేడమ్ నవ్వి నన్ను చూపించారు. "మీ మనవరాల్ని అడగండి. అక్కడ పెత్తనం ఆమెదే."

నానమ్మ నా వైపు తిరిగి, "దీనికి పెత్తనం ఇచ్చీసినారా!" అని ఆశ్చర్యపోయింది. తిరుగు ప్రయాణంలో ఆమే మాట్లాడింది. మధ్యలో గడ్డి అలాగే ఉండాలని, దాని చుట్టూ బంతి వేద్దామని, బంతిని ఎవరూ తినరు కదా అని. ఆ చలికాలం బంతి విరగబూసింది. కాలనీలో అమ్మవారి గుడికి దండలు మా ఇంటి నుంచే వెళ్లాయి. పూలకోసం వచ్చేవాళ్లు మొదట వీధి తలుపు దగ్గర నిలబడేవారు. తర్వాత వెనక తలుపు దగ్గరికే రావడం మొదలుపెట్టారు. మంచం ఎప్పుడు వసారాలోకి వెళ్లిందో నేను చూడలేదు. ఒకరోజు చూస్తే అక్కడ ఉంది.

నా చదువు అయిపోయింది. మేడమ్ దగ్గరే ప్రాజెక్టులో సహాయకురాలిగా చేరాను. మూడో వానాకాలం అంచున, చాకిరేవు బండ పక్కన సన్నటి వరసలో నానమ్మ గోంగూర వేసింది. ఈసారి ముందు నేను కొన్ని ఆకులు కోసి కోని పట్టుకెళ్లాను. ఫలితం రావడానికి పట్టిన రోజుల్లో నానమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. నేను ఇంటికి రాగానే నా ముఖం చూసేది, మళ్లీ పనిలో పడేది. కత్తిపీటను మాత్రం ఎందుకో రెండుసార్లు సాన పట్టించింది.

ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి మేడమ్ కాగితం పెట్టి, బొటనవేలు పైకి చూపించి వెళ్లిపోయారు. ఆ రోజు ఇంటికి వచ్చి, సంచి కూడా దించకుండా, "నానమ్మా, కోసుకో" అన్నాను.

నానమ్మ కోసింది. అరటినారతో కట్టలు కట్టింది. మూడు కట్టలు ఒక పళ్లెంలో పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, నన్ను వెంట రమ్మంది. నేను ఎందుకన్నాను. "రా" అంది. ముందు కాకీ ఇంటికి వెళ్లాం. కాకీ తలుపు తీసి, కట్ట వంక చూసి, నవ్వు ఆపుకుంటూ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఎదురింటి అత్త కూడా తన మెట్ల మీద నిలబడి ఇటే చూస్తోంది.

నానమ్మ పళ్లెం నా చేతుల్లో పెట్టి, నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది.

"నువ్వు సెప్పే. తినొచ్చని నీ నోటంట ఇంటేగానీ ఈళ్లు పొయ్యి మీదెట్టరు."